మందుల కొట్టు ముందు నిమ్మమొక్క

ఆ సోమవారం పొద్దున భవానీప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు షట్టరు ఎత్తకముందే కూతురు లహరిని వెంటబెట్టుకుని మేడమీద నుంచి కిందికి దిగాలి. గుమ్మం పక్కన కొత్తగా పెట్టిన నిమ్మమొక్కకు ఆ పిల్లచేత చెంబెడు నీళ్ళు పోయించాలి. కాసేపు అక్కడే నిలబెట్టి ఆకులు చూపించాలి. పెట్టుబడి ఒక కుండీ, ఒక మొక్క, కాస్త పొద్దుటిపూట. రాబడి పిల్లకు ప్రకృతితో స్నేహం. ఇంత తేలిక బేరం నందిగామ రైతుపేట మొత్తం వెతికినా దొరకదని అతని లెక్క.

ఈ బేరానికి కారణం ముందురోజు జరిగిన అవమానం. ఆదివారం కదా అని భవానీప్రసాద్ కుటుంబాన్ని వీరులపాడు దగ్గరున్న సొంత చేనుకు తీసుకెళ్ళాడు. మూడో తరగతి చదివే లహరి కారు తలుపు తీసి, ఒక కాలు నేలమీద పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది.

"డాడీ, ఇక్కడ ఫ్లోర్ ఎవరూ క్లీన్ చెయ్యలేదు" అంది.

చేను కౌలుకు చేస్తున్నవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. భవానీప్రసాద్ తల్లి సుబ్బమ్మ మొహం తిప్పుకోకుండానే నవ్వింది. అతనికి ఆ పూట అన్నం దిగలేదు. తండ్రి పెట్టిన విత్తనాల, పురుగుమందుల కొట్టును నడుపుతున్నవాడు అతను. కొట్టుకు వచ్చేవాళ్ళంతా రైతులే. తన కూతురు మట్టిని ఫ్లోర్ అనడమంటే, బట్టల కొట్టాయన కూతురు చీర చూసి కర్టెన్ అనుకోవడం లాంటిది.

"విజయవాడలో పిల్లలకి నేచర్ క్యాంపులు పెడుతున్నారండీ. సెలవుల్లో పంపిద్దాం" అంది భార్య సుస్మిత.

"ప్రకృతి హోల్‌సేల్‌గా ఒకేసారి దింపుకునే సరుకు కాదు సుస్మితా. రోజూ చిల్లరగా ఇవ్వాలి. ఇంట్లోనే ఇవ్వాలి. నేనిస్తా."

భవానీప్రసాద్ 'నేనిస్తా' అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. సాయంత్రానికల్లా జగ్గయ్యపేటలో టెంట్‌హౌస్ నడిపే బావమరిది రాంబాబుకు ఫోన్ వెళ్ళింది. చీకటి పడేలోపు రాంబాబు షామియానాల ఆటోలో నిమ్మమొక్క దిగింది. డాబామీద నీళ్ళ ట్యాంకులు, సోలార్ హీటరు పోను చోటు లేదు. పొద్దుటి ఎండ పడేది కొట్టు గుమ్మం పక్కనే. అందుకని మొక్కను అక్కడే పెట్టారు. తర్వాత జరిగిందానికంతటికీ ఆ చోటే కారణమని అప్పుడెవరికీ తోచలేదు.

మొదట్లో లహరి మొక్కకు నీళ్ళు పోయడం మందు తాగుతున్నట్టు చేసేది. చెంబు వంచడం, చెయ్యి దులుపుకోవడం, మెట్లెక్కడం. ఓ రోజు మాత్రం పోసిన చెంబు పోసినట్టే పట్టుకుని నిలబడిపోయింది.

"డాడీ! పిట్ట రెట్ట నడుస్తోంది!"

భవానీప్రసాద్ వంగి చూశాడు. లేత ఆకుమీద అచ్చం రెట్టలాగే ఉన్న ఒక పురుగు, దాని వెనక ఇంకొకటి, కింది ఆకుమీద మరికొన్ని. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి దానంతటదే కౌంటరు కిందున్న చేతి స్ప్రేయర్ దగ్గరికి పోయింది. లహరి కుండీని రెండు చేతులా వాటేసుకుంది. యూనిఫాంకు మట్టి అంటినా పట్టించుకోలేదు.

"చంపేస్తావా? నువ్వేగా నేచర్‌తో ఫ్రెండ్‌షిప్ చెయ్యమన్నావు! చేసా!"

భవానీప్రసాద్ కుండీని, కూతుర్ని మార్చి మార్చి చూశాడు. స్ప్రేయర్ తిరిగి కిందపెట్టాడు.

"ఇవి పెద్దవై, రెక్కలొచ్చి, సీతాకోకచిలుకలై ఎగిరేదాకా ఎవరూ ముట్టకూడదు. ప్రామిస్ చెయ్యి" అంది లహరి.

"ఎగిరేదాకా ఎవరూ ముట్టరు. మాటిస్తున్నా."

కొట్లో సరుకు అయిపోతే డిపో నుంచి తెప్పించుకోవచ్చు, మాట అయిపోతే తెప్పించుకోవడానికి డిపో ఎక్కడా లేదని భవానీప్రసాద్ నమ్మకం. తండ్రి అతనికి కొట్టుతోపాటు అప్పజెప్పిన నమ్మకం అది.

ఆ రోజునుంచి లహరిని ఎవరూ నిద్రలేపాల్సిన పని లేకపోయింది. తనే లేచి తండ్రిని లేపేది. ఏ ఆకు ఎంత తిన్నాయో చూసేది. ఆకు నలిపి వాసన చూసేది, తండ్రి ముక్కుదగ్గరా పెట్టేది. కుండీలో మట్టి గోళ్ళలో ఇరుక్కుంటే గోరుతోనే తీసుకునేది. రెట్టల్లాంటి పురుగులు కుబుసం విడిచి పచ్చగా, నున్నగా, చిటికెనవేలంత అయ్యాయి. వాటికి పేర్లు కూడా పెట్టింది. ఎప్పుడు చూసినా తింటూ ఉండే లావుపాటిదానికి రాంబాబు మామయ్య. కదలకుండా ఒకేచోట ఉండేదానికి నాయనమ్మ.

"నేను కదలనా? వంట ఎవరు చేస్తున్నారే మీకు?" అంది సుబ్బమ్మ. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్న పురుగుల్ని చంపి నిన్ను పెంచాడు. నువ్వు పురుగుల్నే పెంచుతున్నావు. ఎదిగావురా."

ఎవరేమన్నా భవానీప్రసాద్ లెక్కలో ఇది లాభసాటి బేరమే. ఆ లెక్కలో రత్తయ్యను వేసుకోకపోవడమే అతను చేసిన పొరపాటు.

రత్తయ్య వీరులపాడు రైతు. పత్తి, మిరప, ఓ చెక్కలో నిమ్మతోట. భవానీప్రసాద్ తండ్రి కాలం నుంచి ఆ కొట్టుకే వస్తాడు. ఆయన ఏ కొట్టు మెట్టెక్కితే వీరులపాడు సగం ఆ మెట్టే ఎక్కుతుంది. పత్తి పూతమీదున్న రోజులు కావడంతో మందు కోసం వచ్చి, చెప్పులు విప్పుతూ మొక్కను చూసి ఆగిపోయాడు. ఒక పుల్ల తీసుకుని లావుపాటి పురుగును పొడిచాడు. అది తలమీద నుంచి ఎర్రటి కొమ్ములు బయటికి పెట్టి గుప్పున వాసన కొట్టింది. రత్తయ్య తలెత్తి కొట్టు బోర్డు చదివాడు. మళ్ళీ మొక్కను చూశాడు.

"ఏంది ప్రసాదూ ఇది?"

"నిమ్మమొక్క బాబాయ్."

"మొక్కనడగట్లా. మొక్కమీద సంతనడుగుతున్నా."

"అవా... ఉన్నయ్యిలే."

"ఉన్నయ్యని కనపడతానే ఉందయ్యా. మందు కొట్టలేదా?"

"లేదు."

"ఎందుకని?"

భవానీప్రసాద్ చెప్పబోయేంతలో లోపల ఎవరో విత్తనాల ప్యాకెట్ కోసం కేకేశారు. అతను ఇచ్చి వచ్చేసరికి రత్తయ్య చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"బస్టాండు దాకా ఎళ్ళొస్తా" అన్నాడు.

బస్టాండు ఎడమవైపు. రత్తయ్య నేరుగా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఫ్రాన్సిస్ మందుల కొట్టులోకి వెళ్ళాడు. తిరిగి వెళ్ళేటప్పుడు కండువా కింద నల్ల కవరు దాచుకుని, ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు పైకి చూస్తూ నడిచాడు.

సాయంత్రానికి టీ బంకుల దగ్గర సంగతి స్థిరపడింది. భవానీప్రసాద్ కొట్లో మందు పనిచెయ్యట్లేదు. గుమ్మంలో ఉన్న చెట్టుకే పనిచెయ్యంది పొలంలో ఏం పనిచేస్తుంది? మర్నాడు గిరాకీ పల్చబడింది. ఆ మర్నాడు కొట్లో ఈగలు కూడా తీరిగ్గా తిరిగాయి. ఎదురు కొట్టు ఫ్రాన్సిస్ మంచివాడే, కానీ వ్యాపారి. రోడ్డవతల నుంచే చెయ్యి ఊపాడు.

"ప్రసాద్ గారూ! కావాలంటే మా దగ్గర మందు తీసుకెళ్ళి మీ మొక్కకి కొట్టుకోండి. డబ్బులేం వద్దండీ, ఎదురెదురు కొట్లవాళ్ళం!"

భవానీప్రసాద్ పళ్ళు కొరుక్కుని ఒక నిర్ణయానికి వచ్చాడు. దాచడమే తప్పు, విషయం విప్పి చెప్పేస్తే పోతుంది. ఆరోజు కొట్టు ముందునుంచి వెళ్ళిన ప్రతివాడినీ పిలిచి చెప్పాడు. "మందు పనిచెయ్యక కాదయ్యా. మేమే కొట్టలేదు. ఆ పురుగుల్ని మా పాప పెంచుకుంటోంది."

అది నందిగామలో బయల్దేరినప్పుడు అలాగే ఉంది. వీరులపాడు చేరేసరికి పాప ఎక్కడో దారిలో జారిపోయింది. మిగిలింది ఇంతే. భవానీప్రసాద్ కొట్లో పురుగుల్ని పెంచుతున్నాడు. పెంచి చేలల్లో వదిలేస్తాడు. వదిలేశాక మందు అమ్ముకుంటాడు.

నిలదియ్యడానికి మోటారు సైకిళ్ళమీద వచ్చిన రైతుల ముందు రత్తయ్యే నిలబడ్డాడు.

"బాబాయ్, నీకు నిమ్మతోటుంది. ఇది నిమ్మాకు తినే పురుగని నీకు తెలీదా? దీన్ని పత్తిచేలో వదిల్తే ఆకలితో చస్తుంది" అన్నాడు భవానీప్రసాద్.

"తెలుసయ్యా. నిమ్మ పురుగని చూడంగానే తెలుసు. ఇవాళ నిమ్మ పురుగు పెంచినోడివి రేపు పత్తి పురుగు పెంచవని గ్యారంటీ ఏంది?"

అంత తర్కానికి ఎదురు చెప్పే మందు కొట్లో ఏ అరలోనూ లేదు.

ఈ గొడవ విజయవాడలో మందుల కంపెనీ ఏరియా మేనేజరు సతీష్‌బాబు చెవిన పడింది. నెత్తిన కంపెనీ టోపీతో, చేతిలో చుట్టిన ఫ్లెక్సీతో కారు దిగాడు. భవానీప్రసాద్ చీవాట్లకు సిద్ధపడ్డాడు. సతీష్‌బాబు మొక్కను చూసి మురిసిపోయాడు.

"అద్భుతం ప్రసాద్ గారూ! ఇంత ఆరోగ్యంగా ఉన్న పురుగుల్ని మేం డెమోకి ఎంత వెతికినా దొరకవండీ. వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం రైతులందర్నీ పిలుద్దాం. అందరి ముందూ ఈ మొక్కమీదే మన కొత్త మందు కొడదాం. రాలిపోతాయి చూడండి, జలజలా! మీ పేరూ నిలబడుతుంది, మా మందు పేరూ నిలబడుతుంది."

"ఈ మొక్క వద్దండీ. వేరేది తెప్పిస్తా."

"ఊరంతా చూసింది దీన్నే కదండీ. వేరేదంటే నమ్ముతారా? కాదంటారా, చెప్పండి, పైవాళ్ళకి మన డీలరుగా ఫ్రాన్సిస్ గారి పేరు చెబుతా."

భవానీప్రసాద్ నోటినుంచి సరే అన్నమాట రాలేదు, వద్దన్నమాటా రాలేదు. సతీష్‌బాబు రానిదాన్ని సరే కింద జమ వేసుకుని ఫ్లెక్సీ విప్పాడు. గుమ్మం పక్కన గ్రిల్లుకు, నిమ్మ కొమ్మలు తగిలేంత దగ్గరగా తానే కట్టాడు. దానిమీద దండ వేసిన లావుపాటి పురుగు బొమ్మ ఉంది. కింద పెద్ద అక్షరాలు. 'పురుగుకు ఇదే ఆఖరి రోజు!'

మెట్లమీద కూర్చుని లహరి అంతా విన్నది. మర్నాడు పొద్దున నీళ్ళు పోయడానికి కిందికి రాలేదు. భవానీప్రసాదే పైకి వెళ్ళాడు. దుప్పటి లోపలినుంచి గొంతు వచ్చింది.

"ఎగిరేదాకా అన్నావు."

"అన్నా."

"ఆ అంకుల్ ఆదివారం అన్నాడు. ఆదివారానికి ఎగురుతాయా?"

భవానీప్రసాద్ మంచం అంచున కూర్చున్నాడు. తక్కెడ ఒక పళ్ళెంలో కొట్టు, సీజను, తండ్రి నిలబెట్టిన పేరు. ఇంకో పళ్ళెంలో దుప్పటి కింద ముడుచుకున్న పిల్ల. తూకం వెయ్యడం అతనికి పుట్టినప్పటినుంచీ అలవాటు. కానీ ఈసారి ముల్లు వైపు చూడకుండానే లేచాడు.

"లేచి నీళ్ళు పోయి. మిగతాది నేను చూసుకుంటా."

చూసుకోవడమంటే మొక్కను దాటించడం. మధ్యాహ్నం భోజనాలవేళ వీధి పల్చబడగానే కుండీని కారు వెనకసీట్లో పెట్టి, సీటు బెల్టు బిగించి, మీద పాత దుప్పటి కప్పాడు. పురుగులన్నీ ఉన్నాయా అని చూసుకునే తీరిక లేదు. రాంబాబు ఇంట్లో పెట్టి, మొక్క ఎండిపోయిందని సతీష్‌బాబుకు చెప్పాలని పథకం.

హైవేమీద చిల్లకల్లు టోల్‌గేటు దాకా అంతా సవ్యంగానే సాగింది. అక్కడ కార్లు బారులు తీరాయి. పక్క వరసలో ఆర్టీసీ బస్సు ఆగింది. దుప్పటి ఎప్పుడు జారిందో జారింది. భవానీప్రసాద్ అద్దంలో చూసేసరికి రాంబాబు మామయ్య అంత లావున్న పురుగొకటి వెనక అద్దంమీద బద్ధకంగా పాకుతోంది. దాని వెనకాల, బస్సు కిటికీలోంచి, రత్తయ్య మొహం.

రత్తయ్య మెల్లగా చెయ్యెత్తాడు. భవానీప్రసాద్ కూడా చెయ్యెత్తాడు. అంతకంటే ఏం చెయ్యగలడు?

అతని కారు జగ్గయ్యపేట చేరేలోపే వార్త నందిగామ చేరింది. భవానీప్రసాద్ జగ్గయ్యపేటలో బ్రాంచి పెడుతున్నాడు. పురుగుల స్టాకు కార్లో వెళుతోంది.

రాంబాబు కుండీని షామియానా గుంజలు పేర్చిన గదిలో, కిటికీ పక్కన పెట్టించి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"నా ప్రాణం అడ్డమేసి కాపాడతా బావా. మేనకోడలు నా పేరెట్టుకున్న పురుగు. అది సరేగానీ, ఇంతమంది ఉండగా తిండిపోతుకే నా పేరెందుకు పెట్టిందంటావ్?"

"వెళ్ళొస్తాన్రా రాంబాబూ" అన్నాడు భవానీప్రసాద్.

కొన్ని రోజులు గడిచాయి. గిరాకీ లేని కొట్లో కూర్చుని భవానీప్రసాద్ రోజూ సాయంత్రం ఫోన్లో లహరికి పురుగుల క్షేమసమాచారం ఇప్పించేవాడు. సతీష్‌బాబుకు మొక్క ఎండిందని చెబితే, "పర్లేదు సార్, ఎండిన మొక్కైనా తెప్పించండి. ఏదో ఒకటి చేద్దాం" అన్నాడు. కరపత్రాలు కూడా పంచేశాడు. ఇంతలో ఒకరోజు రాంబాబు ఫోన్ హుషారుగా మోగింది.

"బావా, శుభవార్త! మొక్క అద్దంలా ఉంది. ఒక్క పురుగు లేదు!"

స్పీకరు పెట్టి ఉందని రాంబాబుకు తెలియదు. లహరి ఫోన్ లాక్కుంది.

"చంపేసావా మామయ్యా?"

"అయ్యో, నేనేం చెయ్యలేదే తల్లీ! పొద్దున చూస్తే లేవంతే!"

లహరి ఫోన్ కిందపెట్టి తండ్రి వైపు చూసింది. అరవలేదు, ఏడవలేదు. ఆ ఆదివారం దాకా అతనితో మాట్లాడలేదు. పొద్దున్నే లేచి, ఖాళీ గుమ్మం దగ్గర కాసేపు నిలబడి పైకి వెళ్ళిపోయేది. భవానీప్రసాద్‌కు గిరాకీ లేకపోవడం కంటే ఆ నిలబడడం ఎక్కువ నష్టంగా కనిపించింది.

ఆదివారం వచ్చింది. రాంబాబు టెంట్‌హౌస్ నుంచే షామియానా, కుర్చీలు దిగాయి. కుర్చీలు పేర్చిన ఆటోమీద, దేవుడి ఊరేగింపులా, పచ్చగా కళకళలాడుతూ నిమ్మమొక్క.

"దీన్నెందుకు తెచ్చావురా!" అన్నాడు భవానీప్రసాద్.

"పురుగు లేని మొక్కని దాచడం ఎందుకు బావా? ఊరందరి ముందూ పెడదాం. నీ పరువు నిలబడుతుందని తెచ్చా."

అప్పటికే రైతులు కుర్చీల్లో కూర్చున్నారు. ముందు వరసలో రత్తయ్య. వెనక, రోడ్డంచున, చూసి పోదామని వచ్చిన ఫ్రాన్సిస్. సుస్మిత, సుబ్బమ్మ మేడమీద. లహరి మెట్లమీద. ఎండిన కట్టెను ఊహించుకుని వచ్చిన సతీష్‌బాబు మొక్కను చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. రెండో క్షణంలో మైకందుకున్నాడు.

"రైతు సోదరులారా, చూడండి! మొన్నటిదాకా ఈ మొక్కమీద పురుగులు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. ఇవాళ ఒక్కటి చూపించండి! ప్రసాద్ గారు ముందే కొట్టేశారు. ఇదీ మన మందు దెబ్బ!"

జనం లేచి మొక్కచుట్టూ మూగారు. ఆకులు తిరగేశారు. రత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికాడు.

"నిజమేరా. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏ మందయ్యా ప్రసాదూ అదీ? ఆ సీసా ఇటివ్వు."

నాలుగు వైపులనుంచీ చేతులు సీసాల మీదకి లేచాయి. భవానీప్రసాద్ గుండె ఒక్కసారి తేలికైంది. పోయిన సీజనంతా వెనక్కి నడిచొస్తోంది. అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు, నోరు మూసుకుని నిలబడితే చాలు. వ్యాపారంలో ఇంతకంటే చవకగా ఏదీ రాదు.

అప్పుడే అతని చూపు మెట్లమీదకు పోయింది. లహరి అతన్నే చూస్తోంది. ఆ చూపు అతను ఎరిగిందే. మొక్కను చూసి, బోర్డు చూసి, బస్టాండు దాకా ఎళ్ళొస్తా అన్న రోజున రత్తయ్య మొహంలో ఉన్న చూపు అది. అలా వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారో చెప్పరు, తిరిగి రారు.

భవానీప్రసాద్ మైకు లాక్కున్నాడు.

"నేను మందు కొట్టలా."

జనం ఆగారు.

"ఈ మందు కాదు, ఏ మందూ కొట్టలా. ఎగిరేదాకా ముట్టనని మా పాపకి మాటిచ్చా. ముట్టలా."

"మరి పురుగేదీ?" అన్నాడు రత్తయ్య.

"నాకు తెలీదు బాబాయ్."

"మందు కొట్టకుండానే పోయిందా?"

"పోయింది."

రైతులు ఆకుల్ని మరోసారి తిరగేసి చూశారు. తర్వాత వెనక వరసలో ఎవరో లెక్క తేల్చారు. "మందు కొట్టకుండానే పోయేదానికి మనమెందుకు కొడతన్నాంరా?"

కుర్చీలు కిర్రుమన్నాయి. సీసాలకోసం లేచిన చేతులు జేబుల్లోకి వెళ్ళాయి. రోడ్డంచున ఉన్న ఫ్రాన్సిస్ పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాడు.

"ప్రసాద్ గారూ, మీ కొట్టు మూసుకుంటే మూసుకోండి! నా కొట్టు కూడా ఎందుకు మూయిస్తారండీ!"

సతీష్‌బాబు మైకుకోసం పెనుగులాడుతున్నాడు. భవానీప్రసాద్ వదల్లేదు. పురుగు ఉంటే మందు పనిచెయ్యనట్టు. పెంచుతున్నానంటే ఊరిమీదకి వదులుతున్నట్టు. పోయిందంటే మందే అక్కర్లేనట్టు. ఏ వైపునుంచి కూడినా నష్టమే వచ్చే ఈ లెక్కను అతను ఇంతవరకు చూడలేదు. అయినా అన్నమాట వెనక్కి తీసుకోదల్చుకోలేదు.

"రాంబాబు మామయ్యా!" అని లహరి కెవ్వున కేకేసింది.

"ఏంటమ్మా?" అన్నాడు రాంబాబు, కుర్చీలు సర్దుతున్నవాడు ఉలిక్కిపడి.

"నువ్వు కాదు! అదిగో!"

అందరూ అటు తిరిగారు. ఫ్లెక్సీమీద, దండ వేసిన పురుగు బొమ్మ అంచున, ఎండుటాకు ముక్కలాంటిది ఒకటి సన్నటి దారంతో అంటుకుని ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది కదులుతోంది. వీపున చీలిక వచ్చింది. అందులోంచి నలిగిపోయిన తడిగుడ్డ లాంటిదేదో బయటికి జారి, కాళ్ళతో ఫ్లెక్సీ అంచు పట్టుకుని వేలాడింది.

మొక్క జగ్గయ్యపేట వెళ్ళకముందే లావుపాటి రాంబాబు, తగులుతున్న కొమ్మమీద నుంచి ఫ్లెక్సీ ఎక్కేసి, అక్కడే గూడు కట్టుకున్నాడు. కారెక్కింది వేరే ఎవరో.

"ప్యూపా! స్కూల్లో బొమ్మ చూపించారు! పురుగులు చచ్చిపోలేదు డాడీ, వెళ్ళి ప్యూపాలైపోయాయి!" లహరి మెట్లు దూకి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

మడతలన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి. నల్లటి రెక్కలు, వాటినిండా పసుపుపచ్చ మచ్చలు, వెనకవైపు ఒక ఎర్ర చుక్క. అన్ని కుర్చీల్లోనూ ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. 'పురుగుకు ఇదే ఆఖరి రోజు' అన్న అక్షరాల మీదుగా అది మెల్లగా నడిచి, రెక్కలు ఆరబెట్టుకుంది. సతీష్‌బాబు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలియదు.

"మా నిమ్మతోటలో వీటిని ఎన్నిటిని చంపానో" అన్నాడు రత్తయ్య మెల్లగా. "చివరిదాకా ఎప్పుడూ చూడలా."

సీతాకోకచిలుక ఒక్కసారి లేచింది. సతీష్‌బాబు తలమీద ఓ చుట్టు తిరిగి, ఈమధ్య భవానీప్రసాద్ కొట్టు వదిలిన అందరిలాగే నేరుగా రోడ్డు దాటి, ఫ్రాన్సిస్ కొట్టు బోర్డుమీద వాలింది.

"అయితే బావా," అన్నాడు రాంబాబు బుర్ర గోక్కుంటూ, "మా గుంజలకి వేలాడుతున్నవి కూడా ఇవేనా? ఎండుటాకులనుకున్నా."

లహరి మొహం పాలిపోయింది. "దులిపేసావా మామయ్యా?"

"దులపాలనే అనుకున్నానమ్మా. రేపు దులుపుదాంలే, ఎల్లుండి దులుపుదాంలే అని..."

బద్ధకం కూడా ఒక్కోసారి ప్రాణాలు నిలబెడుతుందని ఆ కుటుంబంలో మొదటిసారి రుజువైంది. లహరి వెళ్ళి మామయ్య నడుం వాటేసుకుంది.

జనం చెదిరిపోతుండగా రత్తయ్య మెట్టెక్కి కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"పత్తికి మందివ్వు."

"మందెందుకన్నారుగా బాబాయ్ ఇందాక?"

"వాడెవడో అన్నాడు. పత్తిలో పురుగు సీతాకోకచిలుకైందాకా ఆగితే నేను సన్నాసుల్లో కలవాలి. ఇయ్యి." రత్తయ్య సీసా ఎత్తి మూత చూశాడు. "ఊరంతా కొనబోతంటే కొట్టలేదని చెప్పి గిరాకీ చెడగొట్టుకున్నావు చూడు, అట్టాంటోడివి నాకు నీళ్ళసీసా అంటగట్టవులే." కండువా సర్దుకుని, గొంతు తగ్గించాడు. "ఇంకోటి. మా మనవరాలికి అట్టాంటి మొక్కొకటి కావాలి. చేలోకి రమ్మంటే బురదంటది."

"రాంబాబుకు చెప్పి నిమ్మమొక్క తెప్పిస్తా."

"మొక్క మా తోటలో బోలెడయ్యా. మందు కొట్టీ కొట్టీ వాటిమీద ఒక్కటీ మిగల్లా. పురుగున్నది కావాలి."

ఆ వారం వీరులపాడునుంచి మరికొందరు అడిగారు. తర్వాత జగ్గయ్యపేటనుంచీ అడిగారు. ఫ్రాన్సిస్ కూడా, తన చిన్నకూతురి కోసమని, వీధి ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి అడిగాడు. లహరి రోజూ పొద్దున్నే కుండీలన్నిటినీ తిరిగి, ఏది ఇవ్వచ్చో ఏది ఇంకా ఆగాలో తండ్రికి చెబుతోంది. చేనుకు వెళితే కారు ఆగకముందే తలుపు తీస్తోంది. భవానీప్రసాద్ కొట్టులో కుడివైపు మందుల అరలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎడమవైపు నిమ్మ కుండీల వరస వచ్చింది. గిరాకీ రెండువైపులా బాగుంది.

ఫిర్యాదులు కూడా రెండువైపులా వస్తున్నాయి. కుడివైపు వాళ్ళు పురుగు చావలేదని, ఎడమవైపు వాళ్ళు చచ్చిపోయిందని.